ఎడమ నుంచి మొదటి జాడీ

సాక్సులు నాలుగు జతలు. వాష్‌బేసిన్‌లో కాస్త షాంపూ వేసి నానబెట్టి ఒక్కొక్కటీ పిండుతున్నాను. వారానికి అద్దెకి తీసుకున్న రెండు గదుల ఇల్లు అది. బట్టలుతికే మెషీను ఉంది కానీ మీటల మీద రాతలన్నీ అక్కడి భాషలో ఉన్నాయి. మొదటి రోజు ధైర్యం చేసి ఒకటి నొక్కితే మా ఆయన చొక్కా మా చిన్నకూతురి గౌనంత అయి బయటికొచ్చింది. అప్పట్నుంచి నా చేతులే మెషీను. పెద్దది కమోడ్ మూత మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని పాఠం ఒప్పజెబుతోంది. తలుపు వేసే ఉంది. అవతల గదిలో వాళ్ళ నాన్న ఫోన్ స్టాండుకి మరలు బిగించుకుంటున్నారు.

"ఎడమ నుంచి మొదటి జాడీ?"

"బార్లీ గింజలు దాచుకున్న జాడీ. ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా తిండి. మెడ దగ్గర తాడు ఒరుసుకున్న గుర్తులు చూడండి."

"చూడండి అన్నప్పుడు?"

"వేలు పెట్టి చూపించాలి. అద్దాన్ని ముట్టుకోకూడదు."

"కళ్ళు?"

"ముందు పలక మీద. ఎడమ నుంచి కుడికి మెల్లగా కదపాలి. గబగబా అనకూడదు. మధ్యలో ఒకసారి ఆగాలి, కష్టమైన మాట వచ్చినట్టు."

ఇదంతా ఇంగ్లీషులో ఒప్పజెబుతుంది, నాలుగు జాడీలూ, అక్షరం పొల్లుపోకుండా. వినేవాళ్ళెవరైనా ముచ్చటపడాల్సిందే. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎంత చక్కగా చదువుతోందో అనుకుంటారు. నా పెద్దకూతురికి చదవడం రాదు. ఇంగ్లీషే కాదు, తెలుగూ రాదు. తన పేరు బొమ్మ గీసినట్టు గీస్తుంది. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఆ పూట ఆ బాత్రూంలోనే ఉన్నారు.

మేం పిల్లల్ని బడికి పంపం. ఇంట్లోనే చదువు చెప్పుకుంటాం. ఈ 'మేం' అనే మాట మా ఆయనది. అందులో నోరు ఆయనది, చేతులు నావి. ఆయన ఒక బీమా కంపెనీలో ఏజెంట్లకి మాట్లాడడం నేర్పే ఉద్యోగం చేస్తారు, కాబట్టి నోరు ఎలాగూ మంచిదే. పెద్దదానికి నాలుగేళ్ళు నిండగానే ఎక్కడో ఒక ప్రసంగం విని వచ్చి, "బడి పిల్లల్ని ఒకే మూసలో పోస్తుందోయ్, మన పిల్లలు అలా పెరగడానికి వీల్లేదు" అన్నారు. నాకూ బాగానే అనిపించింది, అబద్ధమెందుకు. అప్పటికి నేను పదకొండేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మైక్రోస్కోపులోకి చూసి, కనిపించింది కనిపించినట్టు కాగితం మీద పెట్టడం నా పని. ఒకసారి మా డాక్టరుగారు, రోగి ఆయన తమ్ముడేనట, కాస్త చూసి రాయమంటే కూడా రాయలేదు. అంత పొగరు నాకు. "నువ్వు రోజూ ఎవరివో రక్తం చుక్కలు చూస్తూ కూర్చునే బదులు మన పిల్లల్ని చూసుకోవడం పెద్ద పని కాదా?" అన్నారు ఆయన. పెద్ద పనే. జీతం లేని పనులన్నీ పెద్ద పనులే. మానేశాను. ఆ మర్నాటి నుంచే మా అత్తయ్య, "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, కరెంటువాళ్ళు వస్తే చూసుకో, మీ ఆడపడుచు పిల్లాణ్ణి కూడా సాయంత్రం దాకా ఉంచుకో" అనడం మొదలుపెట్టింది.

పెద్దదానికి ఆరేళ్ళప్పుడు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాను. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ కొత్త చుట్టంలా కనిపించేది దానికి. ముఖం తెలిసినట్టుంటుంది, పేరు రాదు. రంగులతో చెప్పాను, ఇసుకలో రాయించాను, పిండితో అక్షరాలు చేయించాను. ఏడాది గడిచింది. నాకు ఓపిక అయిపోయింది. రోజూ ఏడుపే, దానిదీ నాదీ. ఒకరోజు అరిచాను. ఇంకోరోజు చెయ్యి చేసుకున్నాను. చెంప మీద నా నాలుగు వేళ్ళూ పడ్డాయి, అది మాత్రం నావైపు చూసి, "రేపు వస్తుందిలే అమ్మా" అని నన్నే ఓదార్చింది. ఆ పూట అక్షరాల పుస్తకం తీసి బీరువా మీద పడేసి, కథలు చదివి వినిపించడం మొదలుపెట్టాను. పిల్లది విన్నది విన్నట్టు పట్టేసేది. ఏ మాట దగ్గర నేను పేజీ తిప్పుతానో కూడా పట్టేసింది.

మా ఆయనకి ఒక గ్రూపుంది. మాలాగే పిల్లల్ని ఇంట్లో చదివించుకునే రెండు వందల కుటుంబాలు. ఆయనే పెట్టారు, ఆయనే అందులో పెద్ద. ఒక ఆదివారం అందరూ ఒక తోటలో కలిస్తే, పెద్దది పుస్తకం తీసి కథ మొత్తం చదివింది. అంటే చదవలేదు, చెప్పింది. సరిగ్గా తిప్పాల్సినచోట పేజీ తిప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొస్తూ దారిలో, "చూశావా, బలవంతం చెయ్యకపోతే చదువు దానంతటదే వస్తుందని నేను చెప్తే నవ్వావు" అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నదానికి ఉన్నది ఒకే ఒక్క పని, అదీ చేతకాలేదని ఏ ముఖంతో చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. ఏడాదిన్నర రేపులు గడిచాయి. ఈలోగా చిన్నది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే, అక్క వింటుంటే పక్కన చేరి, ఆరేళ్ళకే కూడబలుక్కుని చదివేయడం మొదలుపెట్టింది. గ్రూపులో పెట్టడానికి పెద్దదాని డైరీలు కావాలంటే నేనే రాసేదాన్ని, ఎడమచేత్తో, పిల్లరాతలా వంకరగా. అక్కడక్కడా ఒక తప్పు కూడా పెట్టేదాన్ని, నమ్మకంగా ఉంటుందని. పొగరు పోయింది కానీ పనితనం పోలేదు.

మా అత్తయ్యకి మాత్రం అనుమానం వచ్చింది. మొన్న వచ్చినప్పుడు తన మందుసీసా మీద ఏముందో చదవమని పెద్దదానికి ఇస్తే, అది నవ్వుతూ చెల్లెలి చేతికిచ్చింది. అత్తయ్య ఏమీ అనకుండా వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "ఏమే, పెద్దదానికి అక్షరాలు పట్టుబడ్డట్టు లేవు. ఎవరికైనా చూపించకూడదూ?" అంది. ఆవిడ నాతో గొంతు తగ్గించి మాట్లాడడం అదే మొదలు. నేను గిన్నె తోముతూనే, "మా పద్ధతి వేరత్తయ్యా. మీ కాలంలోలా బట్టీ పట్టించం" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో. ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మెడ వెనకంతా వేడెక్కుతుంది.

ఇక ఈ ప్రయాణం. "ప్రపంచమే తరగతి గది" అని గ్రూపులో ప్రకటించి పన్నెండు రోజుల విహారం ఏర్పాటు చేశారు ఆయన. పిల్లలకి చరిత్ర చూపించాలి, రోజూ లైవ్ పెట్టాలి. నాకు మాత్రం ఊరు మారింది, వంటిల్లు మారింది, వంటమనిషి మారలేదు. పొద్దున్నే లేచి రొట్టెముక్కల డబ్బాలు సర్దడం, నీళ్ళసీసాలు నింపడం, బస్సు నంబర్లు చూసుకోవడం, సాక్సులు ఉతకడం. జాడీల మ్యూజియంకి వెళ్ళడానికి ముందురోజు, "నువ్వు ఒకసారి వెళ్ళి టాయిలెట్లు ఎక్కడున్నాయో, చిన్నది తినేవి ఏం దొరుకుతాయో చూసిరా" అన్నారు. వెళ్ళాను. టాయిలెట్లు చూశాను. తర్వాత ఏడు జాడీల ముందూ ఇంగ్లీషులో వివరాలు రాసిపెట్టిన పలకలకి ఫోటోలు తీసుకున్నాను, ఇంటికొచ్చి పెద్దదానికి నేర్పడానికి. పొడవాటి హాలులో నా నడుమెత్తు మట్టి జాడీలు ఏడు, అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టే ఉన్నాయి. ఎడమనున్న నాలుగూ నేర్పించాను. చిట్టచివరిది, కుడికొసన ఉన్నది, కావాలనే వదిలేశాను. వేల ఏళ్ళనాడు చనిపోయిన ఒక నాలుగేళ్ళ పిల్లని ఆ జాడీలో పడుకోబెట్టి పాతిపెట్టారట. సెలవుల్లో పిల్లలకి చావు కబుర్లెందుకు అనుకున్నాను.

మ్యూజియంలో అడుగుపెట్టగానే చిన్నది "అమ్మా, అర్జంటు" అంది. నలుగురి జాకెట్లూ నా చేతుల మీదే ఉన్నాయి, నీళ్ళసీసాల సంచీ భుజాన ఉంది. "నేను వచ్చేదాకా మొదలుపెట్టకండి" అని ఆయనకి చెప్పి దాన్ని తీసుకెళ్ళాను. ఆయన ఆగలేదు. గ్రూపులో అందరికీ పదకొండింటికి అని చెప్పారట. పైగా ఎడమవైపు తలుపు దగ్గర కిటికీలోంచి ఎండ ఫోనులోకి కొడుతోందని, పిల్లని చుట్టూ తిప్పి కుడివైపు తలుపులోంచి తీసుకొచ్చారు. పెద్దదానికి నేను నేర్పింది లెక్క. ఎడమ నుంచి అంటే దానికి తలుపు దగ్గర మొదటిది, దాని పక్కది రెండోది. ఏ తలుపో ఆలోచించాలని నేను నేర్పలేదు, నాకే తట్టలేదు. పలక చదవడం వచ్చినవాళ్ళెవరికీ అసలు ఆ గొడవ ఉండదు.

నేను చిన్నదాన్ని వెంటబెట్టుకుని హాలులోకి వచ్చేసరికి పెద్దది చివరి జాడీ ముందు నిలబడి ఉంది. అక్కడే ఏదో బడి పిల్లలు పాతికమంది నేలమీద కూర్చుని ఉన్నారు. మ్యూజియం ఆవిడ, నెరిసిన జుట్టు, మెడలో గుర్తింపు కార్డు, వాళ్ళకి ఆ పాప కథ మెల్లగా చెబుతూ మా వాళ్ళని చూసి దారిచ్చి ఆగింది. పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో మా అమ్మాయి పలక మీద కళ్ళు పెట్టి, ఎడమ నుంచి కుడికి మెల్లగా కదుపుతూ, నవ్వుముఖంతో చదివింది. బార్లీ గింజలు. ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా తిండి. తాడు ఒరుసుకున్న గుర్తులు చూడండి. అద్దాన్ని ముట్టుకోకుండా వేలు పెట్టి చూపించింది.

మ్యూజియం ఆవిడ వంగి, ఎంతో మెత్తగా, ఇంగ్లీషులోనే, "ఇంకొకసారి చూసి చదువమ్మా" అంది. మా అమ్మాయి పలకని చూసింది. తర్వాత హాలంతా చూసింది. దాని కళ్ళు నాకోసం వెతుకుతున్నాయి. ఫోను దానివైపే తిరిగి ఉంది, లైవ్ నడుస్తూనే ఉంది. రెండు వందల కుటుంబాలు చూస్తున్నాయి. నా పక్కన లావుపాటి రాతి స్తంభం ఉంది. నేను దాని వెనక్కి జరిగాను.

ఇదే నేను చెప్పాలనుకున్నది. మిగతాదంతా ఎవరికైనా ఏదో ఒకలా సర్దిచెప్పుకోగలను. భర్త అలాంటివాడు, ఇంటెడు పని, అత్తగారి మాటలు, అన్నీ నిజాలే. ఆ ఒక్క అడుగు మాత్రం ఎవరూ వేయించలేదు. నా బిడ్డ నాకోసం చూస్తుంటే నేను జాకెట్లు గుండెకి హత్తుకుని దాక్కున్నాను. మా అమ్మాయి మళ్ళీ పలకవైపు తిరిగి, ఈసారి ఇంకాస్త గట్టిగా, అదే పాఠం మొదటి నుంచి చెప్పింది. కష్టమైన మాట దగ్గర ఆగింది కూడా. నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తిన చిన్నది పలక దగ్గర మునివేళ్ళ మీద నిలబడి కూడబలుక్కుంది. "చై... చైల్డ్. అక్కా, ఇక్కడ చైల్డ్ అని ఉంది. బార్లీ అని లేదు." నేలమీద కూర్చున్న పిల్లల్లో ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకో ఇద్దరికి అంటుకుంది. మా ఆయన ఫోను తనవైపు తిప్పుకుని, "పాప అలిసిపోయింది ఫ్రెండ్స్, కాసేపట్లో కలుద్దాం" అని ఆపేశారు.

బయట రాతి ముంగిలిలో ఒక బెంచీ మీద కూర్చున్నాం. ఫోను టింగుటింగుమంటూనే ఉంది. ఆయన ఒక్కో సందేశం చూస్తూ ముఖం ముడుచుకుంటున్నారు. ఆఖరికి నావైపు తిరిగారు. "రోజంతా ఇంట్లో ఉండి ఏం నేర్పుతున్నావు నువ్వు? చిన్నదానికి కనిపించింది దానికి కనిపించలేదా?"

నేను నోరు తెరిచేలోపే పెద్దది అందుకుంది. "అమ్మని ఏమనకు నాన్నా. అమ్మ బాగానే నేర్పింది. ఎడమ నుంచి లెక్కపెట్టమంది. మనం ఇటునుంచి వచ్చాం కదా, నేను తిప్పి లెక్కపెట్టుకోవాల్సింది. మర్చిపోయాను."

"లెక్కపెట్టడమేంటి? చదవలేదా?"

అది నావైపు చూసింది. చెప్పనా వద్దా అని అడుగుతున్నట్టు.

"దానికి చదవడం రాదండీ" అన్నాను.

చిన్నది పావురాల వెంటపడుతోంది. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు, జబ్బు గురించి అడిగినట్టు.

"మొదటి నుంచీ. తోటలో కథ చదివిన రోజు కూడా రాదు. డైరీలు నేను రాశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది." ఇంకేమైనా అందామంటే అంతకంటే నిజమైన మాట దొరకలేదు. తర్వాత ఒకటి దొరికింది. "మూడేళ్ళలో మీరు ఒక్కసారి దాని పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నా నేను చెప్పాల్సిన పనే ఉండేది కాదు."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఆయన ముఖంలో నిజంగానే ఏదో విరిగింది, నేను చూశాను. ఒక్క క్షణం జాలేసింది కూడా. ఆ తర్వాత ఆయన లేచి అటూఇటూ నాలుగడుగులు వేసి, గ్రూపులో మాట్లాడే గొంతు తెచ్చుకుని, "సరే. ఇది మన నలుగురి మధ్యే ఉండాలి. అలిసిపోయిందని చెప్పాం కదా, నమ్ముతారు. రేపు పొద్దున్నే మళ్ళీ వద్దాం. ఎడమ తలుపులోంచి" అన్నారు. పెద్దదాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని జుట్టు సవరించారు. "ఏం పర్లేదు బంగారం. ఈ సాయంత్రం అమ్మతో ఇంకో రెండుసార్లు ఒప్పజెప్పు. నీకు వచ్చేస్తుంది."

ఆ గొంతు నాకు తెలుసు. సాక్సులు పిండుతూ నేను మాట్లాడే గొంతు. అంతే ప్రేమగా, అంతే ఓపికగా. వేరేవాళ్ళ నోటి నుంచి వింటే అది ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. పెద్దది "సరే నాన్నా" అని తలూపి, వేళ్ళు మడిచి అప్పటికప్పుడే పెదవులు కదపడం మొదలుపెట్టింది. ఎడమ నుంచి మొదటిది, ఎడమ నుంచి రెండోది.

"వద్దు" అన్నాను.

"ఏం వద్దు?"

"రేపు రాం. ఇంకెప్పుడూ దానిచేత చదివించం. ఇంటికెళ్ళగానే నేను దాన్ని ఇలాంటివి తెలిసినవాళ్ళకి చూపిస్తాను. బడిలో వెయ్యమంటే బడిలో వేస్తాను. నేను మళ్ళీ ల్యాబుకి వెళ్తాను."

"మరి ఆ రెండు వందల కుటుంబాలకి నేనేం ముఖం చూపించను?"

"మీ ముఖం సంగతి మీరు చూసుకోండి. దాని సంగతి మాత్రం వాళ్ళకి చెప్పడానికి వీల్లేదు, మంచిగా గానీ చెడుగా గానీ. అది వాళ్ళది కాదు."

గెలిచినట్టేమీ అనిపించలేదు. చిన్నదాన్ని పిలుచుకొస్తానని ఆయన పావురాలవైపు వెళ్ళారు, ఫోను బెంచీ మీదే వదిలేసి. అది మోగుతూనే ఉంటే బోర్లా తిప్పి పెట్టాను.

పెద్దది, నేను మిగిలాం. జాకెట్లు ఇంకా నా ఒళ్ళోనే ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియక దాని జాకెట్టు గుండీలు పెడుతూ చెప్పాను. "లోపల నువ్వు నాకోసం చూశావు కదా. నేను అక్కడే ఉన్నాను. స్తంభం వెనక."

"తెలుసు" అంది. "నీ బూట్లు కనిపించాయి."

నాకు ఏడుపొచ్చింది. అది నా చెయ్యి పట్టుకుంది, మళ్ళీ ఓదార్చడానికే. ఆ చెయ్యి తీసి దాని ఒళ్ళోనే పెట్టాను. "వద్దమ్మా, నువ్వు నన్ను ఓదార్చకు. తప్పు నాది. నీది అణువంత కూడా లేదు. ఇంక నువ్వు ఒప్పజెప్పక్కర్లేదు. నాన్నకి తెలిసిపోయింది, నానమ్మకి సాయంత్రం నేనే ఫోన్ చేసి చెప్తాను. ఇంక ఎవరి ముందూ దాచక్కర్లేదు."

అది ఏదో అడగాలని ఉండి, అడగొచ్చో లేదో తేల్చుకుంటున్నట్టు ఒకసారి వాళ్ళ నాన్న వైపు, ఒకసారి నావైపు చూసింది.

"అయితే అమ్మా, ఇంక నేను చదవడం నేర్చుకోవచ్చా? ఇన్నాళ్ళూ వచ్చినట్టే ఉండాలి కదా, అందుకని నిన్ను అడగలేదు."